మేము అడిగిన నీళ్ళు

నేను పుట్టింది చాకవేలులో. మాకు అక్కడ వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరులో కూలి. పెళ్ళయి చింతామణి వైపు వచ్చాక కొన్నాళ్ళకే ఒక సంగతి గమనించాను. ఇక్కడివాళ్ళు ఆకాశం వైపు చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. ఎవరి బోరు ఎండింది, ఎవరు ఎంత లోతుకు పోయారు, యంత్రం దిగినచోట దుమ్ము లేచిందా తడి లేచిందా, ఎప్పుడు చూసినా ఇవే మాటలు. మా చెరువు నిండగా చూశామని చెప్పేవాళ్ళు ఊళ్ళో ముసలివాళ్ళే. నేను కాపురానికి వచ్చేసరికి చెరువులో సర్కారు తుమ్మ అడవిలా పెరిగి ఉండేది. వంట చెరకు కోసం అందులోకి వెళ్ళేవాళ్ళం.

మా ఇంట్లో అన్నదమ్ములిద్దరు. పెద్దాయన మా బావ, చిన్నాయన నా భర్త. బావ భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకే పొయ్యి, ఒకే సేద్యం. మల్బరీ తోట, పట్టుపురుగులు, మిగిలిన చెక్కలో టమోటా. పురుగుల పని మొత్తం అక్కది. ఆకు ఎప్పుడు వెయ్యాలి, మనిషి ఎలాంటి చేతులతో లోపలికి రావాలి, గది ఎంత వేడిగా ఉండాలి, అన్నీ ఆమే చెప్పేది. తల్లో పూలు పెట్టుకుని పురుగుల ఇంట్లోకి వచ్చినందుకు నన్ను మొదటి నెలలోనే బయటికి పంపింది.

"వాసన పడదు మే వాటికి. పూలు కావాలంటే సాయంత్రం పెట్టుకో, ఎవరొద్దన్నారు?" అంది, నవ్వుతూనే.

ఆమె కన్నడ బడిలో పదో తరగతి దాకా చదివింది. గ్రామ పంచాయతీలో మా ఊరి స్థానం ఆడవాళ్ళకు వచ్చినప్పుడు అందరూ ఆమె పేరే చెప్పారు. భార్యను నిలబెట్టి తాము నడిపిద్దామనుకునే మగవాళ్ళు చుట్టుపక్కల చాలామంది ఉండేవాళ్ళు కానీ మా బావ ఆ రకం కాదు. మీటింగు ఉన్న రోజు ఆమెను పంచాయతీ ఆఫీసు దగ్గర దింపి, తను బయట టీ అంగడిలో కూర్చునేవాడు. ఎవరైనా ఆయన్ను పట్టుకుని సంగతులు అడిగితే, "మెంబరమ్మ లోపల ఉండాది. ఆమెనే అడగండప్పా" అనేవాడు.

మా ఊరికి ఎగువన ఒక పేట ఉంది. పేరు ఎందుకులే. అటుపక్క కొండల మీదా, పేటలోనూ పడిన వాన పూర్వం రాజకాలువలో పడి మా చెరువుకు వచ్చేదట. పేట పెరిగింది. కాలువ పక్కన ఇళ్ళు లేచాయి, కాలువ మీద అంగళ్ళు లేచాయి. పొలాలు చదును చేసి ప్లాట్లు వేశారు. ఇక కాలువ ఒక చోట చెత్తకుప్ప, ఇంకొక చోట రోడ్డు. గట్టిగా వాన పడితే పేట బస్టాండులో మోకాటి లోతు నీళ్ళు నిలిచేవి, అంగళ్ళలో బియ్యం మూటలు తడిసేవి. అదే వానకు మా చెరువులో చుక్క ఉండేది కాదు.

అక్క దాన్ని ఒకే మాటలో చెప్పింది. "నీళ్ళు వాళ్ళకు వద్దు, మనకు కావాల. రెండూర్ల వాళ్ళం కలిసి ఒకటే అడిగితే ఎట్ల ఇయ్యరు?"

అడగడం అంత సులభం కాలేదు. పేటది ఒక ఇలాఖా, అంటే సర్కారు శాఖ, చెరువులది ఇంకొక ఇలాఖా. కాలువ ఎవరిదో ఎవరూ చెప్పరు. జిల్లా ఇంకా కోలారుగా ఉన్నప్పుడు ఆమె అక్కడికి తిరిగి తిరిగి విసిగిపోయింది. తరువాత చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. అక్కా బావల కూతురు అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి పిల్లను చూసినట్టూ ఉంటుంది, ఆఫీసుకు పోయినట్టూ ఉంటుంది అని నన్ను తోడు తీసుకుని బస్సెక్కేది. పిల్లకు ఊరగాయ, ఉలవచారు పొడి ఇచ్చేసి ఆఫీసుల వైపు నడిచేవాళ్ళం. కొత్త జిల్లా కాబట్టి ఇంకా గదులే సరిగా లేవు. ఒకే హాల్లో చెక్క అడ్డాలు పెట్టి నాలుగు ఇలాఖాలు కూర్చున్నాయి. అక్క దాన్ని చూసి సంతోషపడింది. "చూడు మే, గోడ లేదు. వీళ్ళు మాట్లాడుకోక ఎట్ల పోతారు?" అంది.

అక్కడే ఒక ఇంజనీరమ్మ కనిపించింది. ఎక్కడో ధారవాడ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. అక్క ఆమెతో కన్నడంలో మాట్లాడేది, నాతో తెలుగులో. మధ్యలో మరిచిపోయి ఆమెతో తెలుగులో, నాతో కన్నడంలో. ఇంజనీరమ్మ ఓపికగా విన్నది. ఒక ఉదయం బూట్లు వేసుకుని మా ఊరికే వచ్చింది. పేటలో కాలువ మొదలయ్యే చోటు నుంచి మా చెరువు దాకా నడిచింది. మేమూ ఆమె వెంట నడిచాం. మా మల్బరీ తోట పక్కన కాలువ ఒక్కసారిగా ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు దిగువనే మా పురుగుల ఇల్లు. ఇంజనీరమ్మ అక్కడ నిలబడి చాలాసేపు గట్టునూ ఇంటినీ చూసింది.

"పై నుంచి నీళ్ళు వేగంగా వస్తే ముందు తగిలేది ఇక్కడే" అంది. "ఈ గట్టు రాయితో కట్టాలి. చెరువు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి పని. పేటలో ఆఖరున."

"అట్లే చేయండమ్మా. మాకేమి తొందర, ఇన్నేండ్లు ఆగినాము" అంది అక్క.

మరుసటి ఏడు జిల్లా నుంచి సహాయం వచ్చింది. పేటకూ, మా పంచాయతీకీ, చెరువుకూ కలిపి ఒకే కామగారి, అంటే ఒకే పనిగా. అలా కలిపి ఇవ్వడం అదే మొదటిసారి అని అందరూ అన్నారు. ఊళ్ళో టెంకాయలు కొట్టారు. అక్కకు శాలువా కప్పారు. ఆమె ఇంటికి వచ్చి ఆ శాలువాను ఆకుబుట్ట మీద కప్పింది, ఎండకు ఆకు వాడకుండా.

ఎండాకాలం మొదట్లో పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. ఆ రోజు నేనూ వెళ్ళాను, కిటికీ పక్కన నిలబడ్డాను. ఇంజనీరమ్మ ముఖం బాగాలేదు. ఆమె చెప్పింది ఇది. పేటలో పని చేసే కంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు. కింద భాగానికి వేరే ఇలాఖా నుంచి మంజూరు రావాలి, అది ఇంకా రాలేదు. ఈ వానలకు వచ్చేలా లేదు. పై భాగం ఇప్పుడే చేస్తే పేటలో కాలువ సిమెంటుతో పూర్తవుతుంది. కింద మాత్రం పాత మట్టి కాలువే ఉంటుంది. పై భాగాన్ని కూడా ఆపితే, ఈ ఏడు ఖర్చు చేయలేదని సహాయం మొత్తం ఇంకో తాలూకాకు పోవచ్చు.

"నేను పైవాళ్ళకు చెప్పాను, ఇది తలకిందుల పని అని" అంది. "ఊరివాళ్ళు ఒప్పుకుంటే సరే అన్నారు. ఏమ్మా, ఒక్క వానాకాలం ఓర్చుకుంటారా?"

అందరూ అక్క వైపు చూశారు. ఆ రోజు బావ టీ అంగడిలో లేడు, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంజనీరమ్మ వైపు తిరిగింది.

"ఓర్చుకుంటాము" అంది.

ఇంటికి వస్తున్నప్పుడు ఇద్దరూ దారి పొడుగునా వాదించుకున్నారు. నేను వెనక నడుస్తున్నాను.

"నీకు చెప్తినా లేదా, వద్దని?" అన్నాడు బావ. "ఆ మలుపు నీకు తెలీదా?"

"తెలుసు. వద్దంటే యాం జరుగుతాది చెప్పు. వాళ్ళు మళ్ళా వస్తారా? ఈ పొద్దు వద్దన్న ఊరికి రేపు ఎవరిస్తారు? ఇంకా పదేండ్లు బోర్లు వేసుకుంటా ఉందామా?"

"మన పురుగుల ఇల్లు ఉండాది ఆడ."

"మన ఇల్లు ఉండాదని ఊరి చెరువు ఆపమంటావా? రేపు నన్ను అందరూ యాం అంటారు?"

బావ ముందుకు నడిచిపోయాడు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. అందుకే నేను ఎవరి పక్కా మాట్లాడలేకపోయాను.

ఎండాకాలం అంతా పేటలో యంత్రాలు నడిచాయి. అంగళ్ళు తీయించారు, చెత్త ఎత్తారు, గోడలకూ అడుగుకూ సిమెంటు వేశారు. చూడడానికి బాగుండేది. పేటవాళ్ళు సాయంకాలం దాని గట్టు మీద కూర్చునేవాళ్ళు. ఆ సిమెంటు మా పంచాయతీ పొలిమేర రాయి దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. దాని తరువాత మట్టి, తుంగ, మా మలుపు.

మేము చేయగలిగింది చేశాం. ఊరంతా కలిసి ఇసుక మూటలు కుట్టి మలుపులో గట్టు మీద పేర్చాం. అక్క కూడా మూటలు మోసింది. మొదటి వానలకు గట్టు నిలిచింది. చెరువులోకి నీళ్ళు వచ్చాయి. మడుగే, ఆవులు దిగితే పొట్ట తడిసేంత. కానీ నా పెళ్ళయినప్పటి నుంచి చూడని సంగతి అది. అక్క చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అందులోకి దిగింది. ఒడ్డున ముసలివాళ్ళు ఏడ్చారు. ఆ మధ్యాహ్నం ఆమె ముఖం చూసి బావ కూడా మెత్తబడ్డాడు. "సరేలే, నీదే గెలుపు" అన్నాడు.

చిత్త కార్తెలో జరిగింది. పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. కుబుసం విడిచే ముందు పురుగు తిండి మాని కదలకుండా పడుకుంటుంది, దాన్నే మేము జ్వరం అంటాం. నాలుగోది దాటాక అది విపరీతంగా తింటుంది, తరువాత గూడు కడుతుంది. ఆ వారం మాకు ఇంకొక ధ్యాస ఉండదు. మధ్యాహ్నం అన్నాలు తిని నేను మల్బరీ తోట పై మడిలో ఆకు కోస్తున్నాను. నా భర్త టమోటా బుట్టలు వేసుకుని చింతామణి మార్కెట్టుకు పోయాడు. మడి కింద, మలుపుకు దగ్గరగా, ఇద్దరు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. అక్క పురుగుల ఇంట్లో ఉంది. బావ ఇంటి దగ్గర ఉన్నాడు.

మా ఊళ్ళో అప్పుడు వాన లేదు. మబ్బు ఉంది, చిన్న తుంపర. ఎగువన కొండల వైపు నల్లగా కమ్ముకుని ఉంది, అంతే. పూర్వమైతే అక్కడ పడిన వాన నానుతూ, ఆగుతూ, చెత్తలో చిక్కుకుంటూ సాయంత్రానికో మరునాటికో మాకు చేరేది. అందుకే ఎవరికీ భయం లేదు. సిమెంటు వేశాక నీళ్ళకు మధ్యలో ఆగే చోటే లేదని మాకు తట్టలేదు.

పేట నుంచి ఎవరో బావకు ఫోను చేశారు. కాలువ నిండా వస్తాండాది, జాగ్రత్త, అని. బావ పరిగెత్తుకుంటూ వచ్చి పొలం మొదట్లో నిలబడి కేకలు వేశాడు. ఆ కేక అక్కకు వినిపించింది. ఆమె బయటికి వచ్చి గట్టు వైపు చూసింది. తరువాత కింద మడిలో ఉన్న ఇద్దరినీ పిలిచింది.

"పైకి రాండి! కొడవళ్ళు ఆడ్నే పారేసి రాండి!"

వాళ్ళలో ఒకామె అన్నం క్యారియరు కోసం వెనక్కి తిరిగింది. అక్క ఎదురు పోయి ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చి నేనున్న పై మడిలోకి తోసింది. నేను చేయందించి పైకి లాగాను. అక్కకు కూడా చెయ్యి చాచాను.

"రా అక్కా!"

ఆమె పురుగుల ఇంటి వైపు చూసింది. "తలుపులు రెండూ తీసేస్తే నీళ్ళు లోపల్నుంచి పోతాయి మే, గోడ నిలుస్తాది" అంది. ఆమె మాట్లాడింది మామూలుగానే, పొయ్యి మీద పాలు దించి వస్తానన్నట్టు. వెళ్ళింది. ముందు తలుపు తీసి రాయి అడ్డం పెట్టింది. వెనక తలుపు తీయడానికి లోపలికి పోయింది.

ముందు చప్పుడు వచ్చింది, కంకర రోడ్డు మీద బరువు లారీ వస్తున్నట్టు. మూటలు పేర్చిన గట్టు మధ్యలో కుంగి, ఒక్కసారిగా తెరుచుకుంది. నీళ్ళు ఎర్రగా కాదు, నల్లగా ఉన్నాయి. వాటిలో చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు, టమోటా పెట్టెలు, ఒక అంగడి రేకు తలుపు. పేట మొత్తాన్ని ఊడ్చి తెచ్చినట్టు ఉంది. అవి పురుగుల ఇంటి వెనక గోడకు తగిలాయి. గోడ లోపలికి పడింది, దాని మీద రేకులు పడ్డాయి. నా పక్కనున్న ఇద్దరూ అరుస్తున్నారు. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు.

నీళ్ళు ఎంత వేగంగా వచ్చాయో అంత వేగంగా తగ్గాయి. బావ అప్పటికే బురదలో దిగి ఉన్నాడు. ఊరివాళ్ళు పారలు తెచ్చారు, కానీ ఆయన పార ముట్టలేదు, వేస్తే ఎక్కడ తగులుతుందోనని చేతులతోనే ఇటుకలు తీశాడు. అక్క వెనక తలుపు దగ్గరే ఉంది. తలుపు గడియ తీసే ఉంది.

ఆ బురదంతా పట్టుపురుగులు. తట్టలు పగిలి అవి ఎక్కడపడితే అక్కడ పడ్డాయి, సగానికి పైగా బతికే ఉన్నాయి. తలలెత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి, ఆకు కోసం. వాటి మీద కాలు పెట్టకుండా ఆమెను బయటికి తీసుకురావడానికి దారి లేదు.

పోస్టుమార్టం అయ్యాక అక్కను చింతామణి ఆసుపత్రి నుంచి మరునాడు తెచ్చారు. పొలంలోనే మట్టి చేయాలన్నారు. దిగువన తవ్విన గుంతలో నీళ్ళు ఊరాయి. ఇన్నేళ్ళూ ఆ నేలలో బోరు వందల అడుగులు దిగితే తప్ప తడి తగిలేది కాదు. అది చూసి బావ కూర్చుండిపోయాడు. పై మడిలో ఇంకొక గుంత తవ్వారు.

దినాల రోజు భోజనాల దగ్గర ఎవరో ఒకాయన అన్నాడు, మంచి మాట అన్నట్టే, "పాపం, తానే పిలుచుకున్న నీళ్ళప్పా అవి" అని. బావ విన్నాడు. విస్తరి ముందు నుంచి లేచి, కొట్టంలోంచి గడ్డపార తీసుకుని పొలిమేర వైపు నడిచాడు. సిమెంటు కాలువ ఆగిపోయిన చోట గోడ మీద కొట్టడం మొదలుపెట్టాడు. గడ్డపార ఎగిరి ఎగిరి పడుతోంది, చిన్న పెళ్ళ కూడా లేవడం లేదు. నా భర్త పోయి పట్టుకున్నాడు.

"వద్దన్నా. దాన్ని కొడితే వదిన వస్తాదా?"

"రాదు. నాకు తెలీదా?" అన్నాడు బావ. మళ్ళీ కొట్టాడు. చివరికి కూతురు పోయి గడ్డపార తీసుకుంటే ఇచ్చాడు.

అధికారులు వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు. కింద భాగానికి మంజూరు త్వరలోనే వస్తుందన్నారు. వాళ్ళందరూ పోయిన కొన్నాళ్ళకు ఇంజనీరమ్మ ఒక్కతే బస్సులో వచ్చింది. మా అరుగు మీద కూర్చుంది. నేను మజ్జిగ ఇచ్చాను, పట్టుకుంది కానీ తాగలేదు. ఆమె చెప్పేది బావకు అర్థమవుతోంది, ఆయనకు కన్నడం బాగా వచ్చు.

"ఆ రోజు నేను ఆమెను అడిగాను, ఓర్చుకుంటారా అని" అంది. "ఆ ప్రశ్న ఆమెను అడగకూడదు. అది ఆమె చెప్పాల్సిన జవాబు కాదు."

"మరి ఎవరు చెప్పాల్సిందమ్మా?" అన్నాడు బావ.

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. మజ్జిగ గ్లాసు అలాగే పెట్టి, పై మడికి పోయి నిలబడి వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. తరువాత ఆమెకు బదిలీ అయిందని విన్నాం.

పంచాయతీలో స్థానం ఖాళీ అయింది. ఊరి పెద్దలు మా ఇంటికి వచ్చి నన్ను నిలబడమన్నారు. పోటీ ఎవరూ లేరు. హాస్టల్ నుంచి వచ్చిన పిల్ల మాత్రం ఊరుకోలేదు.

"నీకూ అదే కావాలా చిన్నమ్మా? మా అమ్మ సాలదా వీళ్ళకి?"

"మళ్ళా చిత్త కార్తె వస్తాది పాపా" అన్నాను. "గట్టు అట్లే ఉండాది. ఎవరో ఒకరు పోయి అడగాల."

"అడిగే కదా అమ్మ పోయింది!"

ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. చాలా కాలం పట్టింది మళ్ళీ మాట్లాడటానికి. ఇప్పటికీ ఆ మాట మా మధ్య ఉంది.

నేను ఒక్కదాన్నే చిక్కబళ్ళాపురం బస్సెక్కడం నేర్చుకున్నాను. నాకు అక్కలా కన్నడం రాదు. తడబడుతూ, తెలుగు కలుపుతూ చెప్పేదాన్ని. నేను అడిగింది ఒకటే. కింద పని అయ్యేదాకా పై కాలువకు తలుపు పెట్టండి, నీళ్ళు వదలొద్దు. తలుపు పెడితే పేట మునుగుతుందన్నారు. అదీ నిజమే. పేటలో కూడా మనుషులే ఉన్నారు. అయితే వానలకు ముందే గట్టు కట్టండి, మేము ఇంకొక వానాకాలం ఓర్చుకోము, అన్నాను. బల్ల అవతలున్న ఆయన తల దించుకున్నాడు. ఆయన కొత్తవాడు, కానీ సంగతి తెలుసు.

ఆ ఎండాకాలం పని జరిగింది. మలుపును కాస్త వంపు తగ్గించి వెడల్పు చేశారు, రాతి గట్టు కట్టారు. నీటి జోరు తగ్గడానికీ చెత్త ఆగడానికీ మధ్యలో రెండు పెద్ద గుంతలు తవ్వించి రాళ్ళు పరిచారు. దాని కోసం మా తోటలో కొంత పోయింది. బావ ఒక్క మాట అడగకుండా సంతకం చేశాడు. పురుగుల ఇల్లు మళ్ళీ కట్టలేదు. ఆ చోటే ఇప్పుడు మొదటి గుంత.

తరువాతి వానలకు గట్టు నిలిచింది. ఆ మరుసటి ఏడు చెరువు నిండి కోడి పారింది, అంటే అలుగు మీద నీళ్ళు పొర్లాయి. ముసలివాళ్ళు చెప్పిన లెక్కన ఒక తరం తరువాత. ఊరు ఊరంతా కట్ట మీదికి వచ్చింది. గంగమ్మకు బాగినం ఇవ్వాలి, పసుపు కుంకుమ, గాజులు, రవిక గుడ్డ చేటలో పెట్టి నీళ్ళలో విడవాలి. మెంబరమ్మ చేతుల మీదుగా అన్నారు. నేను కొత్త చీర కట్టుకుని నీళ్ళ అంచున నిలబడ్డాను. పేట నుంచి వాన ఒక్కటే రాదు కదా, మురికీ వస్తుంది. నీళ్ళ మీద తెల్లటి నురగ, ముక్కు మూసుకోవాల్సిన వాసన. చేటను వదిలితే అది పోలేదు. నురగలో ఆగి, గాలికి నా కాళ్ళ దగ్గరికే వస్తోంది. మళ్ళీ తోశాను. ఆ రోజు కలుపు తీసిన ఇద్దరిలో ఒకామె, క్యారియరు కోసం వెనక్కి తిరిగిన ఆమె, గుంపులోంచి వచ్చి నడుము లోతు నీళ్ళలోకి దిగింది. చేటను చేత్తో నడిపిస్తూ దూరంగా తీసుకుపోయి వదిలి, తడి చీరతో గట్టెక్కి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి పోయింది.

బోర్లలో నీళ్ళు పైకి వచ్చాయి. తోటలు పచ్చబడ్డాయి. నీళ్ళు మంచివి కావు, తాగడానికి పనికిరావు, గేదెలు కూడా మొదట్లో ముట్టలేదు. అయినా చేనుకు నీళ్ళే కదా అని ఊరు సర్దుకుంది. అక్క పేరు ఊళ్ళో ఎవరూ చెడ్డగా తలవరు. పనులు చేసేవాళ్ళు రాతి గట్టు మీద ఆమె పేరు చెక్కిస్తామన్నారు. బావ వద్దన్నాడు. నేనూ వద్దన్నాను.

గట్టు కట్టిన ఏడే బావ కైవారం మఠానికి వెళ్ళిపోయాడు. మొదట అమావాస్యకు పోయి వచ్చేవాడు, తరువాత అక్కడే ఉండిపోయాడు. మఠానికి వచ్చేవాళ్ళకు అన్నం పెట్టే చోట పని చేస్తాడు. బియ్యం కడగడం, ఆకులు వెయ్యడం, వడ్డించడం. పొలం చూసుకొమ్మని నా భర్తకు చెప్పాడు కానీ ఎలా ఉందని ఎప్పుడూ అడగలేదు.

చెరువు నిండిన కొన్నాళ్ళకు నేను, నా భర్త కైవారం పోయాం. పంక్తిలో కూర్చున్నాం. బావ అన్నం బకెట్టు పట్టుకుని వస్తున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నా ఆకులో అన్నం పెట్టి, కొంచెం ఎక్కువ పెట్టి, వంగినవాడు వంగినట్టే అడిగాడు.

"నీళ్ళొచ్చినాయంట గదా?"

"వచ్చినాయి బావా. కోడి పారింది."

"గట్టు?"

"బాగుండాది. నేను రోజూ పోయి చూస్తాండాను."

ఆయన తల ఊపాడు. ఇంకేమైనా అంటాడని నేను అన్నం కలపకుండా ఆగాను. పక్కన కూర్చున్న యాత్రికుడు ఆకు ముందుకు జరిపాడు. బావ అతనికి వడ్డించి, ఆ పక్కవాళ్ళకు వడ్డిస్తూ, పంక్తి చివరిదాకా వెళ్ళిపోయాడు.